వీణను చెక్కిన చేతులు

(గుమ్మలక్ష్మీపురంలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

చేతివృత్తులు, హక్కులు అనే అంశంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. అంత పెద్ద అంశాన్ని గంటలోపు చెప్పడం నా శక్తికి మించిన పని. కనుక ఒక్క వస్తువును మాత్రమే తీసుకుంటాను. ఆ వస్తువు వీణ. వీణకూ ముస్లింల హక్కులకూ సంబంధమేమిటని ముందు వరుసలో కూర్చున్న పెద్దలొకరు ఇప్పుడే పక్కవారిని అడిగారు. నాకు వినబడింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ఇక్కడినుంచి పార్వతీపురం మీదుగా దిగితే వచ్చే పట్టణం బొబ్బిలి. మనలో చాలామంది సరుకులకో, పెళ్లి బట్టలకో అక్కడికి వెళ్లివచ్చినవారే. ఆ ఊరి పేరు వెనుక ఒక కథనం ఉంది. జిల్లా చరిత్రలలో నమోదైన కథనమే. పదిహేడవ శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజ్‌దారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ ఆ ప్రాంతాన్ని వెలమ నాయకుడైన పెద్దరాయుడికి ఇచ్చాడట. ఇచ్చినవాని పేరులోని ‘షేర్’ అంటే పులి కదా, ఆ గౌరవార్థం కొత్త ఊరికి ‘పెబ్బులి’ అని పేరు పెట్టగా అది వాడుకలో బొబ్బిలి అయిందని చెబుతారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం గురించి ప్రతి పిల్లవానికీ తెలుసు. ఊరి పేరులో ఒక ముస్లిం అధికారి పేరు దాగి ఉన్న సంగతి మాత్రం బొబ్బిలి వాస్తవ్యులలోనే చాలామందికి తెలియదు. దీన్ని గొప్ప కోసం చెప్పడం లేదు. ఒక పేరు కనుమరుగు కావడానికి ఎవరూ దాన్ని చెరిపివేయనక్కరలేదనీ, ఎవరూ చెప్పకుండా ఉంటే చాలుననీ గుర్తు చేయడానికి చెబుతున్నాను.

ఆ బొబ్బిలిని ఆనుకొని గొల్లపల్లి ఉంది. అక్కడ సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి రాజుల ఆదరణతో నిలిచిన విద్య అది. మీలో ఎవరైనా అక్కడి పనివారి పాకలలో కాసేపు కూర్చున్నారా? కూర్చోకపోతే ఒకసారి వెళ్లండి, పిల్లల్ని కూడా తీసుకువెళ్లండి.

వీణకు కావలసింది పనస. ఈ కొండలలో పనస చెట్టు లేని ఊరు అరుదు కనుక ఆ కర్ర గుణం మీకు నేను చెప్పనక్కరలేదు. పచ్చని పసుపు ఛాయ, బరువు తక్కువ, పురుగు సులభంగా పట్టదు, తట్టితే గంటలా పలుకుతుంది. కోసిన మొద్దును వెంటనే వాడరు. పచ్చి ఆరి, లోపలి చెమ్మ పోయేవరకు ఓపిక పట్టాలి. తొందరపడి చెక్కితే తరువాత బీట వారుతుంది, అప్పటిదాకా పడిన కష్టమంతా వృథా. కాయ, దండి, తలభాగం మూడింటినీ ఒకే మొద్దులోనుంచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలికి పేరు తెచ్చింది అదే. వేర్వేరు ముక్కలను అతికిన వీణలో నాదం అతుకు దగ్గర కొంత ఆగుతుందని, ఏకాండిలో అడ్డులేకుండా సాగుతుందని వాదకులు చెబుతారు.

మొద్దును కుండవలె తొలవాలి. గోడ మందంగా ఉంటే ధ్వని మొద్దుబారుతుంది, మరీ పలచనైతే కర్ర నిలవదు. ఈ మధ్య కొలత ఏ పుస్తకంలోనూ లేదు, వేలితో తట్టి చెవితో తెలుసుకోవలసిందే. దానిపై పలక మూస్తారు, గుర్రం నిలుపుతారు, తలభాగాన యాళి ముఖం చెక్కుతారు. దండికి రెండువైపులా మైనపు గట్లు పోసి, వాటిపై 24 లోహపు మెట్లు అమరుస్తారు. ఒక స్థాయికి పన్నెండు, రెండు స్థాయిలకు ఇరవై నాలుగు. నాలుగు తంత్రులు వాయించడానికి, మూడు పక్క తంత్రులు శ్రుతికీ తాళానికీ. పదిహేడవ శతాబ్దంలో తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజు రఘునాథుని కాలంలో ఈ 24 మెట్ల అమరిక స్థిరపడిందని సంగీత చరిత్రకారులు అంటారు. మెట్టు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. మైనం చల్లారేలోగా చెవి చెప్పినట్టు చేయి నడవాలి. కచేరీ వేదికపై చప్పట్లు వాదకునికి చెందుతాయి, న్యాయమే. కాని ఆ స్వరాన్ని మొట్టమొదట విన్నవాడు పనస పొట్టు ఒంటినిండా పడిన పనివాడు.

ఇక నూజివీడు మాట. తెలుగునాట వీణకు పేరుపడిన ఊర్లలో బొబ్బిలితోపాటు నూజివీడు ఉన్నది. జమీందారుల ఆదరణలో అక్కడా ఈ విద్య పెరిగింది. మన కాలంలో నూజివీడు వీణను చెక్కి, మెట్లు కట్టి, కచేరీలకు పంపుతున్నవారు ముస్లిం కుటుంబంవారు. సరస్వతీదేవి చేతిలో చిత్రించే వాద్యాన్ని షేక్ ఇంటిపేరు గల చేతులు చెక్కుతున్నాయి. కొనుక్కునే విద్వాంసుడు తంత్రి మీటి నాదం చూస్తాడు, చేసినవాని మతం అడగడు. ఆ ఇంటివారు కూడా దీన్ని మతసామరస్య ప్రదర్శనగా భావిస్తారని నేననుకోను. వారికది పని, రోజీ, తండ్రి దగ్గర నేర్చిన హునరు. పత్రికలవారు పండుగలకు మాత్రమే వెళ్లి ‘సామరస్యానికి ప్రతీక’ అని రాసి వస్తారు. కర్ర ధర ఎంత, వీణకు ఎంత గిట్టుతుంది, పిల్లలు ఈ పనిలో ఉంటారా అని కూడా రాస్తే బాగుండును.

తెలుగు నేలను దాటి చూస్తే ఈ చేతుల వరుస ఇంకా పొడవుగా కనిపిస్తుంది. ఉత్తరాది రుద్రవీణను, అంటే రెండు పెద్ద సొరకాయ బుర్రలు బిగించిన బీన్‌ను, తరాలపాటు కాపాడిన బీన్‌కార్లలో అధికులు ముస్లిం ఘరానాలవారే. డాగర్ వంశానికి చెందిన ఉస్తాద్ జియా మొహియుద్దీన్ డాగర్ 1990లో, ఉస్తాద్ అసద్ అలీ ఖాన్ 2011లో మరణించారు. అసద్ అలీ ఖాన్‌కు 2008లో పద్మభూషణ్ లభించింది. అంతటి వాద్యాన్ని నేడు నేర్చుకునేవారు ఎంతో తక్కువ.

సితార్ విషయంలో ఒక మాట కఠినంగా చెప్పవలసి ఉంది. మన సభలలో ప్రతి వక్తా అమీర్ ఖుస్రో సితార్‌ను కనిపెట్టాడని చెబుతాడు. అమీర్ ఖుస్రో 1253లో పుట్టి 1325లో మరణించిన మహాకవి. ఆయన రచనలలో సితార్ ప్రస్తావన లేదు. పద్దెనిమిదవ శతాబ్దపు ఢిల్లీలో ఖుస్రో ఖాన్ అనే మరొక సంగీతకారుడు దానిని ప్రచారంలోకి తెచ్చాడనీ, పేర్ల పోలికవల్ల ఆ ఘనత మహాకవికి అంటుకున్నదనీ పరిశోధకులు తేల్చారు. మనకు దక్కవలసినదాన్ని అడిగేటప్పుడు నిరూపించలేని మాట ఒక్కటి కలిపినా, ఎదుటివాడు దాన్ని పట్టుకొని మిగిలిన నిజాలన్నింటినీ తోసివేస్తాడు. అవసరం కూడా లేదు. నేటికీ సితార్ నేర్చుకునే విద్యార్థి, ఏ మతంవాడైనా, మసీత్‌ఖానీ గత్, రజాఖానీ గత్ అనే పేర్లతోనే నేర్చుకుంటాడు. మసీత్ ఖాన్, రజా ఖాన్ ఇద్దరి పేర్లూ పాఠంలోనే ఉన్నాయి. మైహర్‌లో ఉస్తాద్ అలాఉద్దీన్ ఖాన్ తన కుమారుడు అలీ అక్బర్ ఖాన్‌కూ, కుమార్తె అన్నపూర్ణాదేవికీ, బయటినుంచి వచ్చిన రవిశంకర్‌కూ ఒకే చూపుతో నేర్పాడు. లోకం ఎరిగిన సంగతి, దీనికి అలంకారం అక్కరలేదు.

నాకు వాదకులకంటే ఎక్కువగా గుర్తుండేది మహారాష్ట్రలోని మిరజ్. అక్కడి షికల్గార్లు కత్తులకు, ఆయుధాలకు పదును పెట్టే ముస్లిం పనివారు. రాజ్యాలు పోయి ఆయుధాల గిరాకీ తగ్గినప్పుడు, పంతొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో ఫరీద్ సాహెబ్ అనే పనివాడు తంబురా, సితార్ల తయారీకి చేయి మళ్లించాడు. కత్తి పట్టిన చేయి తంబురా పట్టింది. కిరానా ఘరానా గాయకుడు ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ ఆ ఊరిలో నివసించడం వారి పనికి మరింత పదునునిచ్చింది. ఆ వంశంవారు, ఆ వీధివారు ఇప్పటికీ అదే పనిలో ఉన్నారు. 2024లో మిరజ్ సితార్‌కు, మిరజ్ తంబురాకు వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక వృత్తి పోయినప్పుడు కూలిపోకుండా మరో వృత్తిని నిర్మించుకున్న ఈ కథను మన బడిపిల్లలకు చెప్పవలసి ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేస్తే మీరు ఇంటికి వెళ్లి మాట్లాడుకుంటారు, కనుక ఇక్కడే మాట్లాడుకుందాం. వీణ మాది, మీకేం సంబంధం అనేవారు కొందరు బయట ఉన్నారు. సంగీతం మనకు తగదు, ఈ మాట మనమెందుకు ఎత్తాలి అనేవారు కొందరు మనలోనే ఉన్నారు. సంగీత వాద్యాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నదన్నది వాస్తవం. నేను ముఫ్తీని కాను, ఆ మసలాను ఈ వేదికపై తేల్చే అర్హత నాకు లేదు. సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌ను అడిగి, తమ మనస్సాక్షి ప్రకారం నడుచుకోవాలి. నేను మాట్లాడుతున్నది పనివాని గురించి. వాయించడం మీకు ఇష్టమైనా కాకపోయినా, ఆ ఇంటి పొయ్యి వెలగడానికి దారి కావాలి, ఆ ఇంటి పిల్లవానికి చదువు కావాలి. బయటివారూ లోపలివారూ చెరొక వైపునుంచి ‘నీది కాదు’ అన్నప్పుడు మధ్యలో నిలిచిన మనిషి ఎక్కడికి పోవాలి?

మన నూర్‌బాషా సోదరుల సంగతి చూడండి. దూదేకడానికి వాడిన పెద్ద విల్లుకు నరంతో చేసిన తంత్రి ఉండేది. గూటంతో ఆ తంత్రిని కొడితే వచ్చే మోతతోనే పింజారి వీధిలోకి వచ్చాడని తెలిసేది. అరవై దాటినవారికి ఆ మోత జ్ఞాపకం ఉంటుంది. ఆ కులంలో, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ తంబురా భుజాన వేసుకొని బుర్రకథకు కొత్త ప్రాణం పోశాడు. బుర్రకథలోని ‘బుర్ర’ ఆ తంబురా గుల్లే. 1986లో పద్మశ్రీ వచ్చింది. తన జీవితకథకు ఆయన ‘పింజారి’ అనే పేరే ఉంచుకున్నాడు, వెక్కిరింతగా వాడిన మాటను గౌరవంగా మార్చుకున్నాడు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం వాయించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. అది తంత్రీవాద్యం కాదు, కాని ఆయన పేరు తలవకుండా ముందుకు పోవడం నాకు సాధ్యం కాదు.

నూర్‌బాషా, దూదేకుల, లద్దాఫ్, పింజారి అనే పేర్లు బీసీ-బి జాబితాలో ఉన్నాయి. పరుపుల దుకాణాలూ యంత్రాలూ వచ్చాక ఏకే వృత్తి దాదాపు పోయింది, కాగితంలో పేరు మిగిలింది. వీణ, సితార్, తంబురా పనివారి పరిస్థితి దీనికి తలకిందులు. వృత్తి ఉంది, కాగితంలో పేరు లేదు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. దరఖాస్తులోని ప్రతి గడికీ ఒక విలువ ఉందని నాకు తెలుసు. ‘వృత్తి’ అనే గడి కింద వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ అని అచ్చువేసి, చివర ‘ఇతరములు’ అని ఉంటుంది. ఒక పట్టణంలో ఒక పెద్దాయన తబలా, సితార్ మరమ్మతు చేసేవారు. రుణానికి దరఖాస్తు తెచ్చి ఆ గడిలో తన పని ఏమిటో ఉర్దూలోనూ తెలుగులోనూ రాశారు. ఆ మాటకు సంకేత సంఖ్య లేదని కార్యాలయంవారు దాన్ని కొట్టివేసి ‘కూలి’ అని నింపించారు. ఏడాది తరువాత ఆయనకు ఉత్తరం వచ్చింది: ఈ పథకం వృత్తిపనివారికి మాత్రమే, కూలీలకు వర్తించదు. నలభై ఏళ్లు చెవితో స్వరం పట్టిన మనిషి ఒక గడిలో కూలి అయిపోయాడు. చట్టం ఆయనకు అన్యాయం చేయలేదు, ఎవరూ ఆయన్ను తిట్టలేదు. ఒక మాట మార్చారు, అంతే.

పథకాలు మారినా గడి మారలేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకాన్ని చూడండి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం. మంచి పథకమే, అర్హులు తప్పక వాడుకోవాలి. అందులో 18 వృత్తులు ఉన్నాయి. పడవలు చేసేవారు, తాళాలు చేసేవారు, పూలదండలు కట్టేవారు, చేపల వలలు అల్లేవారు అందరూ ఉన్నారు, ఉండవలసినవారే. వాద్యాలు చేసేవారు లేరు. వీణ పనివాడు కావాలంటే వడ్రంగిగా చేరవచ్చు. చేరమనే నా సలహా, రుణం ఆగకూడదు. కాని వడ్రంగి శిక్షణలో మెట్లు కట్టడం నేర్పరు, వడ్రంగి పనిముట్ల పెట్టెలో శ్రుతిపెట్టె ఉండదు. పందొమ్మిదవ వృత్తిగా వాద్యాల తయారీని చేర్చమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఈ కోరికలో బొబ్బిలి సర్వసిద్ధివారూ మనతో నిలుస్తారు, ఎందుకంటే గడి లేని బాధ ఇద్దరిదీ ఒకటే. అందుకే దీన్ని ముస్లింల విజ్ఞప్తిగా మాత్రమే కాక, వాద్యాల పనివారందరి విజ్ఞప్తిగా పంపాలని నా అభిప్రాయం.

మైనారిటీ వ్యవహారాల శాఖ 2015లో సంప్రదాయ కళలు, చేతిపనుల కోసం ఒక పథకం తెచ్చి దానికి ‘ఉస్తాద్’ అనే పేరు వచ్చేటట్టు అక్షరాలు కూర్చింది. తరువాత దాన్ని పీఎం వికాస్‌లో కలిపేశారు. పేరు పోయినా సంప్రదాయ వృత్తుల శిక్షణ దాని లక్ష్యాలలో ఉన్నది. మన జిల్లాలలో ఎంతమంది పనివారికి ఆ మాట చేరిందో మనమే అడిగి రాయించుకోవాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలోనే ఉంది, రుసుము పది రూపాయలు.

మరొక మార్గం సులువైనది. కేంద్ర జౌళి శాఖ పరిధిలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం చేతిపనివారికి ‘పెహచాన్’ అనే గుర్తింపు కార్డు ఇస్తుంది. అక్కడి హస్తకళల వర్గీకరణలో సంగీత వాద్యాలకు చోటు ఉంది. అంటే ఒక శాఖ గుర్తించిన వృత్తిని మరో పథకం మరచిందన్నమాట. విజ్ఞప్తి రాసేటప్పుడు ఈ ఒక్క సంగతి ముందు పేరాలో పెట్టండి, మిగిలినదంతా తరువాత.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉందని మీకు తెలుసు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తింపు ఊరి వస్తువుకు వస్తుంది, దాన్ని కోరే అర్హత పనివారి సంఘానికో సంస్థకో ఉంటుంది. కాని గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి పనివానికీ ఆ పేరు వాడే అధికారం కాగితంపై రాదు. ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా వేరుగా దరఖాస్తు చేసి నమోదు కావాలి. నమోదు పదేళ్లకు, తరువాత పునరుద్ధరించుకోవాలి. ఇది తెలియక గుర్తింపు పొందిన ఊర్లలో సైతం అసలు పనివాడు బయటే ఉండిపోయి, వ్యాపారి ముద్ర వేసుకుంటాడు. గుమాస్తా బుద్ధితో చెబుతున్నాను: పతకం ఫొటోకంటే నమోదు సంఖ్య విలువైనది.

సవర సోదరులు ఇక్కడ ఉన్నారు కనుక వారిని కూడా అడుగుతున్నాను. సొరకాయ బుర్రతో, వెదురు దండితో మీ పెద్దలు చేసుకున్న తంత్రీవాద్యాలు ఇప్పుడు ఎన్ని ఊర్లలో ఉన్నాయి? చేయడం తెలిసినవారు ఎంతమంది? వీణకు, బీన్‌కు, మీ వాద్యానికి మూల సూత్రం ఒకటే: ఒక గుల్ల, ఒక దండి, బిగించిన తంత్రి. మీ పనివారి పేర్లు కూడా మా జాబితాలో పక్కపక్కనే రాస్తాం, మీకు అభ్యంతరం లేకపోతే.

జాబితా అన్నాను కనుక అదేమిటో చెప్పి ముగిస్తాను. ఇక్కడ మనం కొద్ది కుటుంబాలమే. అయినా మన బంధువర్గం పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం వరకు ఉంది. వాద్యాలు చేసేవారు, మరమ్మతు చేసేవారు, హార్మోనియం మెట్లు సరిచేసేవారు, డప్పుకు తోలు బిగించేవారు, ఒకప్పుడు చేసి మానినవారు, ఎవరు తెలిసినా పేరు, ఊరు, ఏ పని, ఎన్నేళ్లుగా, ఎవరి దగ్గర నేర్చారు అనే అయిదు విషయాలు రాయించండి. అమ్మలారా, ఇది మీవల్లనే ఎక్కువగా అవుతుంది. తాతగారి పెట్టెలో ఏ పనిముట్లు ఉన్నాయో మగవారికంటే మీకే బాగా తెలుసు. వృత్తి గడిలో ‘కూలి’ అని గాని, ‘ఇతరములు’ అని గాని రాయవద్దు. పని పేరు పూర్తిగా, తెలుగులో రాయండి. తెలియకపోతే ఏం చేస్తారో ఒక వాక్యంలో రాయండి, చాలు.

దరఖాస్తు నమూనాలు వెనుక బల్లమీద ఉంచాం. భోజనాల తరువాత అసర్ నమాజు వరకు నేను అక్కడే కూర్చుంటాను. ఆధార్ ప్రతి తెచ్చుకున్నవారి పెహచాన్ కార్డు దరఖాస్తు ఈరోజే నింపుదాం, తేనివారు వచ్చే సంతరోజున తీసుకురండి.